మోకరిల్లినవారే నిలబెట్టిన సింహాసనం

ఏగాన్ టార్గేరియన్ పేరెత్తగానే అందరి చూపూ డ్రాగన్ల మీదికే పోతుంది. పోక ఏం చేస్తుంది? నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సృష్టించిన వెస్టెరోస్ ఖండంలో ఏడు రాజ్యాలు వేల ఏళ్ళుగా ఒకదాని మీద ఒకటి కత్తులు దూసుకుంటూ ఉండగా, తూర్పు సముద్రంలోని ఓ చిన్న ద్వీపం నుంచి ముగ్గురు తోబుట్టువులు మూడు డ్రాగన్ల మీద ఎగిరి వచ్చి, రెండేళ్ళు తిరిగేసరికి ఆరు రాజ్యాలను ఒక్క సింహాసనం కిందికి తెచ్చారు. ఏగాన్ ఎక్కిన డ్రాగన్ బలేరియన్ రెక్కల నీడ ఊళ్ళకు ఊళ్ళనే కప్పేసేదని కథలో చెబుతారు. అలాంటి జంతువు చేతిలో ఉంటే గెలవడంలో గొప్పేముంది, ఎవరైనా గెలుస్తారు అన్నది పాఠకుల్లో బాగా పాతుకుపోయిన తీర్పు. ఆ తీర్పుతోనే నాకు పేచీ.

వెస్టెరోస్‌లో కాలగణన ఏగాన్ పట్టాభిషేకంతోనే మొదలవుతుంది. ఆ లెక్కలో చిట్టచివరి డ్రాగన్ మూడవ ఏగాన్ హయాంలో, 153వ ఏట చచ్చిపోయింది. టార్గేరియన్లు సింహాసనం పోగొట్టుకున్నది రెండవ ఏరిస్ హయాంలో, 283వ ఏట. అంటే ఆ వంశం తన పాలనాకాలంలో దాదాపు సగం, 130 ఏళ్ళ పాటు, ఒక్క డ్రాగన్ కూడా లేకుండానే ఏలింది. పునాది భయమే అయితే, 154వ ఏట స్టార్కులో, లానిస్టర్లో, ఆరిన్లో పాత కిరీటాలను భోషాణాల్లోంచి బయటికి తీసి ఉండాలి. ఎవరూ తీయలేదు. మధ్యలో తిరుగుబాట్లు జరిగాయి, టార్గేరియన్ల నుంచే చీలిన బ్లాక్‌ఫైర్ల పేరుతో తరాల తరబడి నెత్తురు పారింది. కానీ ఆ కొట్లాటల్లో దాదాపు అన్నీ సింహాసనం మీద ఏ టార్గేరియన్ రక్తం కూర్చోవాలన్న దాని గురించే గాని, అసలు ఆ సింహాసనం ఉండాలా వద్దా అన్న దాని గురించి కాదు.

కనుక ఏగాన్ కట్టిన దానిలో నిప్పుతో పని లేని అంశం ఏదో ఉంది. నా దృష్టిలో అది ఒక ఒప్పందం. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు గాని, ప్రతి యుద్ధరంగంలోనూ అదే షరతు కనిపిస్తుంది: కిరీటం నాకు ఇవ్వు, తక్కినదంతా నువ్వే ఉంచుకో. మోకరిల్లినవాడి కోట, భూమి, పేరు, వంశం భద్రంగా ఉంటాయి. మొండికేసినవాడి వంశం మాత్రం ఉండదు. ఈ ఒప్పందాన్ని రాజులు నిలబెట్టుకున్నంతకాలం టార్గేరియన్ వంశం నిలబడింది. ఒక రాజు దాన్ని పచ్చిగా తుంచేసిన నాడు, మహావృక్షం కూలినట్టు ఒక్క ఏడాదిలో కూలింది.

యుద్ధానికి ముందే దీని ఆనవాళ్ళు కనిపిస్తాయి. డ్రాగన్‌స్టోన్ కోటలో ఏగాన్ ఒక బల్ల చేయించాడు. యాభై అడుగులకు పైగా పొడవున్న ఆ బల్లను వెస్టెరోస్ ఆకారంలోనే కోసి, నదులు, అడవులు, పట్టణాలు, కోటలు అన్నీ రంగుల్లో చిత్రింపజేశాడు. ఒక్కటి మాత్రం వదిలేశాడు. ఏడు రాజ్యాల సరిహద్దులు ఆ బల్ల మీద ఎక్కడా లేవు. కోటలున్నాయి, వాటి మధ్య గీతలు లేవు. ఈ చిన్న వివరాన్ని చాలామంది అతని అత్యాశకు గుర్తుగా చదువుతారు. నాకైతే అందులో తీసేసినదానికంటే ఉంచినదే ముఖ్యంగా కనిపిస్తుంది. చెరిపినవి గీతలు మాత్రమే, కోటలు కాదు.

తుఫాను రాజ్యపు రాజు ఆర్గిలాక్‌కు వయసు మీద పడింది, మగపిల్లలు లేరు, పొరుగున నదీప్రాంతాన్నీ ఇనుప దీవులనూ ఏలే రాజు నల్ల హారెన్ బలం పెరిగిపోతోంది. తన కూతురు ఆర్గెల్లాను ఏగాన్‌కిచ్చి పెళ్ళి చేస్తానని, కట్నంగా గాడ్స్ ఐ సరస్సుకు తూర్పున ఉన్న భూములు ఇస్తానని కబురు పంపాడు. ఆ భూములు వాస్తవానికి హారెన్ ఏలుబడిలో ఉన్నవి. పరాయి సొమ్ముతో కట్నం ఇవ్వజూపిన ఈ బేరాన్ని ఏగాన్ తోసిపుచ్చి, తన చిన్ననాటి నేస్తం, సవతి సోదరుడని లోకం గుసగుసలాడుకునే ఓరిస్ బరాథియన్‌కు ఆర్గెల్లాను ఇమ్మని ఎదురు కబురు పెట్టాడు. అహంకారి అని పేరుపడ్డ ఆర్గిలాక్‌కు అది మింగుడుపడలేదు. రాయబారి చేతులు నరికించి పెట్టెలో పెట్టి పంపాడు. ఆ తర్వాతే డ్రాగన్‌స్టోన్ నుంచి ప్రతి రాజుకూ లేఖ వెళ్ళింది: ఇకమీదట వెస్టెరోస్‌లో ఒక్కడే రాజు ఉంటాడు, మోకరిల్లినవారు తమ భూములు, బిరుదులు నిలుపుకుంటారు, ఎదిరించినవారు నశిస్తారు.

ఇక్కడొక తేడా గమనించాలి. మార్టిన్ ఇంగ్లండు చరిత్ర నుంచి ధారాళంగా తీసుకున్న రచయిత కాబట్టి, ఏగాన్‌ను నార్మండీ విలియంతో పోల్చడం మామూలైపోయింది. 1066 సెప్టెంబరులో విలియం ఇంగ్లండు తీరాన దిగినప్పుడు అతని చేతిలో ఒక వాదన ఉంది. చనిపోయిన ఎడ్వర్డ్ రాజు సింహాసనం తనకే వాగ్దానం చేశాడని, హెరాల్డ్ ప్రమాణం తప్పాడని అతడు లోకానికి చెప్పుకున్నాడు, పోపు మద్దతూ సంపాదించాడు. ఏగాన్‌కు అలాంటి వాదన ఏదీ లేదు. వెస్టెరోస్‌లో అతనికి వారసత్వం లేదు, వాగ్దానం లేదు, చుట్టరికం కూడా లేదు. హక్కు లేని చోట హక్కును తయారు చేయాలి. దాన్ని ఓడినవాళ్ళ నోటితోనే పలికించాడన్నది నా ఉద్దేశం.

హారెన్‌హాల్ ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. హారెన్ ఆ కోటను నలభై ఏళ్ళు కట్టించాడు. నదీతీర ప్రాంతాన్ని పిండి పిప్పి చేసి, వేలాది బందీలను రాళ్ళ కింద నలిపి, ప్రపంచంలో ఇంతకుమించిన కోట లేదనిపించేలా అయిదు బురుజులు లేపాడు. ముట్టడికి ముందు ఏగాన్ అతనితో ముఖాముఖి మాట్లాడాడు. ఆ సంభాషణలో అందరికీ గుర్తుండేది చివరి బెదిరింపే: సూర్యుడు గుంకేసరికి నీ వంశం ఉండదు. దానికి ముందు ఏగాన్ చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు లొంగిపోతే ఇనుప దీవులకు ప్రభువుగా కొనసాగవచ్చు, నీ తర్వాత నీ కొడుకులు ఏలుకుంటారు అన్నాడు. ప్రజలు నరరూప రాక్షసుడని తిట్టుకున్న హారెన్‌కు సైతం ఒప్పందపు తలుపు తెరిచే ఉంది. రాయి మండదు అని హారెన్ ధీమా. ఆ రాత్రి బలేరియన్ మేఘాల పైనుంచి నిట్టనిలువునా దిగి కోట లోపల నిప్పు కురిపించాడు. రాయి మండలేదు గాని కరిగింది. హారెన్, అతని కొడుకులు ఆ బురుజుల్లోనే బూడిదయ్యారు.

మర్నాడు జరిగినదాని మీద నాకు ఇంకా ఆసక్తి. హారెన్‌ను వదిలిపెట్టి ముందుగా ఏగాన్ పక్షం చేరిన నదీప్రభువు ఎడ్మిన్ టల్లీని ఆ ప్రాంతానికంతటికీ ప్రధాన సామంతుణ్ణి చేశారు. టల్లీలు అంతకు ముందెన్నడూ రాజులు కారు. చుట్టుపక్కల వాళ్ళకంటే పాత వంశాలు, ఒకప్పుడు కిరీటం పెట్టుకున్న వంశాలు ఉన్నాయి. వాళ్ళందరి నెత్తిన టల్లీని కూర్చోబెట్టడం వల్ల ఆ ఇంటి పెద్దరికం ఎప్పటికీ టార్గేరియన్ సింహాసనాన్నే ఆనుకొని ఉండాల్సి వచ్చింది.

దక్షిణాన అదే జరిగింది, ఇంకా పెద్ద ఎత్తున. మెర్న్ గార్డెనర్, లోరెన్ లానిస్టర్ అనే ఇద్దరు రాజులు ఏకమై 55,000 సైన్యంతో వచ్చారు. ఏగాన్ సేన అందులో అయిదో వంతు. మూడు డ్రాగన్లూ కలిసి ఒకే రణరంగంలో దిగింది ఆ ఒక్కసారే. పంట కోతకొచ్చి ఎండిన పొలాలు, గాలివాటం చూసుకుని పెట్టిన మంటలు, ఇనుప కవచాల్లోనే ఉడికిపోయిన మనుషులు. నాలుగువేల మందికి పైగా నిప్పుకు ఆహుతయ్యారు. మెర్న్ కొడుకులు, మనుమలు, సోదరులతో సహా అంతరించాడు, గార్డెనర్ వంశం అక్కడితో సరి. లోరెన్ పొగలోంచి తప్పించుకుని బతికి బట్టకట్టి, మర్నాడు పట్టుబడి మోకరిల్లాడు. అతణ్ణి ఏగాన్ చేయిపట్టి లేపి, కాస్టర్లీ రాక్‌కు ప్రభువుగా, పడమటి ప్రాంత సంరక్షకుడిగా వెనక్కి పంపేశాడు. ఒకే రోజు, ఒకే యుద్ధం, ఒకే నేరం. ఒకరి వంశం బూడిదైతే మరొకరి వంశం మూడు వందల ఏళ్ళు వర్ధిల్లింది. మధ్యనున్న తేడా వంగిన మోకాలే.

గార్డెనర్ల హైగార్డెన్ కోట తాళాలు ఆస్థాన దివాను హార్లన్ టైరెల్ దగ్గర ఉన్నాయి. ఏగాన్ అటు నడిచేసరికి అతడు పెనుగులాట లేకుండా అప్పగించాడు. ప్రతిఫలంగా ఖండంలోకెల్లా సారవంతమైన నేల మీద పెత్తనం దక్కింది. గార్డెనర్లతో తమకు దగ్గరి చుట్టరికం ఉందని ఫ్లోరెంట్లు మొదలైన పాత వంశాలు మొత్తుకున్నా ఫలితం లేకపోయింది. నిన్నటిదాకా జమాఖర్చులు చూసుకున్న ఇంటిని పిలిచి పీట వేస్తే ఆ ఇల్లు ఎవరికి కట్టుబడి ఉంటుందో వేరే చెప్పాలా? 283లో సైతం టైరెల్లు ఏరిస్ పక్షాన్నే నిలిచి స్టార్మ్స్ ఎండ్ కోటను ముట్టడిస్తూ కూర్చున్నారు.

ఇక ఆర్గెల్లా సంగతి. తండ్రి ఆర్గిలాక్ ఓరిస్ చేతిలో చనిపోయాక ఆమె కోట తలుపులు మూయించి, తనను రాణిగా ప్రకటించుకుని, చివరి మనిషి దాకా పోరాడతానంది. ఆమె సొంత సైనికులే ఆమెను బట్టలూడదీసి, నోరు కట్టేసి, సంకెళ్ళు వేసి శత్రువుకు అప్పజెప్పారు. ఓరిస్ తన చేతులతో సంకెళ్ళు విప్పి, తన ఉత్తరీయం కప్పి, ఆమె తండ్రి ఎలా పోరాడాడో గౌరవంగా చెప్పాడు. తర్వాత ఆమెను పెళ్ళాడి, ఓడిన వంశపు కిరీటం పెట్టుకున్న దుప్పినీ, వాళ్ళ బిరుదవాక్యాన్నీ తన సొంతం చేసుకున్నాడు. దీన్ని ప్రేమకథలా చెప్పుకునేవాళ్ళున్నారు. నేను అంత దూరం పోలేను. ఆ పెళ్ళిలో ఆమె ఇష్టాయిష్టాలు ఎవరూ అడిగినట్టు లేదు. ఆమె తండ్రి ఏ సంబంధాన్ని కాదని చేతులు నరికించాడో సరిగ్గా ఆ సంబంధమే ఆమెకు రాసిపెట్టి ఉంది. అయితే రాజకీయంగా చూస్తే, గెలిచినవాడు ఓడినవాడి జెండా ఎత్తుకోవడం తెలివైన పని. తుఫాను రాజ్యపు ప్రజలకు మారింది రాజవంశం పేరే, కళ్ళెదుట ఎగిరే జెండా మారలేదు.

ఈ మొత్తం ఆక్రమణలో నా మటుకు అన్నిటికంటే గొప్ప ఘట్టం యుద్ధమే జరగని ట్రైడెంట్ నది ఒడ్డు. ఉత్తరదేశపు రాజు టోర్హెన్ స్టార్క్ 30,000 మందితో దక్షిణానికి వచ్చాడు. అప్పటికే హారెన్‌హాల్ సంగతీ, మండిన పొలాల సంగతీ అతని చెవిన పడ్డాయి. నదికి అవతల ఏగాన్ విడిది కనిపిస్తోంది. కొందరు ప్రభువులు రాత్రికి రాత్రి దాడి చేద్దామన్నారు. సవతి సోదరుడు బ్రాండన్ స్నో తాను ఒంటరిగా చీకట్లో నది దాటి డ్రాగన్లను చంపి వస్తానన్నాడు. టోర్హెన్ అతణ్ణి నది దాటించాడు గాని, చంపడానికి కాదు, మాట్లాడటానికి. రాత్రంతా దూతలు అటూ ఇటూ తిరిగారు. తెల్లవారాక టోర్హెన్ నది దాటి, మోకాళ్ళ మీద కూర్చుని, తాతముత్తాతల కిరీటం ఏగాన్ పాదాల దగ్గర పెట్టాడు. లేచేటప్పుడు అతడు వింటర్‌ఫెల్ ప్రభువు, ఉత్తర ప్రాంత సంరక్షకుడు. ఆ రోజు అతని మనుషుల నుంచి తీసుకున్న కత్తులు వంగలేదు, కరగలేదు.

మోకరిల్లిన రాజు అని అతణ్ణి తర్వాతి తరాలు ఎగతాళి చేశాయి. ఆ ఎగతాళి నాకు అన్యాయంగా తోస్తుంది. 30,000 కుటుంబాలకు మగవాళ్ళు తిరిగి ఇళ్ళకు చేరారు. ఏ ఉత్తరదేశపు కోటలోనూ కొత్త ప్రభువు దిగలేదు, ఏ పాత దేవుడి చెట్టూ నరకబడలేదు. ఏగాన్‌కు దక్కినది అంతకంటే విలువైనది: బతికున్న, గౌరవం ఉన్న, అలవాటైన ప్రభువు ఒకడు తన తరఫున ఉత్తరాన్ని చూసుకుంటాడు. అంత దూరపు మంచు నేలను డ్రాగన్‌తో కాల్చవచ్చు గాని డ్రాగన్‌తో పాలించలేరు. ఏ డ్రాగనూ పన్నులు వసూలు చేయదు, గట్టు తగాదాలు తీర్చదు.

ఆరిన్ల లోయ కథ ఇదే షరతుకు సున్నితమైన రూపం. రాజమాత షారా అన్ని దారుల్లోనూ కాపలా పెట్టింది, ఆకాశం ఒక్కటీ మర్చిపోయింది. ఏగాన్‌కు అక్కా, భార్యా అయిన విసేన్యా డ్రాగన్ మీద నేరుగా కోట లోపలి ఆవరణలో దిగింది. షారా పరుగెత్తుకొచ్చి చూస్తే కొడుకు రోనెల్ విసేన్యా ఒళ్ళో కూర్చుని, అమ్మా నేను ఈవిడతో ఎగరొచ్చా అంటున్నాడు. కిరీటాలు చేతులు మారాయి. పిల్లవాడు రాజుగా పైకెళ్ళి, కొండ చుట్టూ మూడుసార్లు తిరిగి, ప్రభువుగా కిందికి దిగాడు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విజేతలను మూడు రకాలుగా విడదీశాడు. ఎదుటివాడు లొంగితే చాలనుకునేవాడు ధర్మవిజయి, భూమీ ధనమూ కావాలనేవాడు లోభవిజయి, భూమీ ధనంతోపాటు భార్యాబిడ్డలనూ ప్రాణాలనూ తీసుకునేవాడు అసురవిజయి. ఏగాన్ ఒకే మనిషిలో మొదటివాడూ మూడోవాడూ కూడా. ఎవరికి ఏ ముఖం కనిపించాలో ఎదుటివాడే ఎంచుకునేలా చేశాడు. విలియం మాత్రం రెండో గూటి మనిషి. 1069, 1070లలో ఉత్తర ఇంగ్లండును బుగ్గి చేశాడు, భూములన్నీ తన అనుచరులకు పంచాడు. 1086లో భూముల లెక్క తీయించేసరికి రాజు నుంచి నేరుగా పెద్ద ఎత్తున భూమి పొందినవాళ్ళలో ఇంగ్లీషువాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా మిగల్లేదు. అతని మగసంతతి పాలన 1135లో మొదటి హెన్రీ మరణంతో ముగిసి, దేశం అంతర్యుద్ధంలో పడింది. విలియం కట్టిన రాజ్యయంత్రం అతని వంశం కంటే గట్టిది, ఏగాన్ కట్టిన వంశం అతని రాజ్యయంత్రం కంటే గట్టిది. పోలిక ఇంతకుమించి సాగదు, సాగదీయడమూ నాకిష్టం లేదు.

మతం విషయంలో అదే లెక్క. ఓల్డ్‌టౌన్ నగరంలో ఉండే ప్రధాన మతాధికారి హై సెప్టన్ ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఉపవాసం ఉండి, ఎదిరిస్తే నగరం మండిపోవడం కళ్ళకు కట్టిందని చెప్పాడు. హైటవర్ ప్రభువు తలుపులు తెరిచాడు. హై సెప్టనే స్వయంగా ఏడు తైలాలతో అభిషేకించి కిరీటం పెట్టాడు. అంతకుముందే ఏగాన్ మొదట దిగిన చోట, మట్టి కోటలో, అక్క విసేన్యా చేతుల మీదుగా ఒకసారి కిరీటం పెట్టుకున్నాడు. అయినా సంవత్సరాల లెక్క ఆ రోజు నుంచి మొదలుపెట్టలేదు, పూజారి చేయి తగిలిన రోజు నుంచి మొదలుపెట్టారు. గెలిచిన రోజు కాకుండా ఒప్పుకోలు దొరికిన రోజును శకారంభం చేసుకోవడంలోనే అతనికి దేని విలువ తెలుసో బయటపడుతుంది. బదులుగా మతాలయాలకు పన్ను మినహాయింపు, సొంత న్యాయస్థానాలు దక్కాయి. అన్నాచెల్లెళ్ళ పెళ్ళి ఆ మతంలో మహాపాపం. ఆ విషయం గురించి అటువాళ్ళూ ఇటువాళ్ళూ కుక్కిన పేనల్లే ఉండిపోయారు. ఆ మౌనానికి వడ్డీతో సహా చెల్లించాల్సి వచ్చింది కొడుకుల తరమే.

నా వాదనకు అసలు పరీక్ష ఏడో రాజ్యం డోర్న్. డ్రాగన్లే సరిపోతాయనుకునేవాళ్ళు ఈ ఒక్క అధ్యాయాన్ని ఎలా దాటుకుపోతారో నాకు అర్థం కాదు. డోర్న్‌ను ఏలుతున్న మెరియా మార్టెల్‌కు ఎనభై ఏళ్ళు, చూపు లేదు. ఏగాన్‌కు చెల్లెలూ, భార్యా అయిన రేనిస్ ఎగిరి వెళ్ళేసరికి కోటలన్నీ ఖాళీ, వృద్ధురాలు ఒక్కతే ఎదురుచూస్తోంది. మేము మీతో పోరాడం, మోకరిల్లం అని ఆమె మాటల సారాంశం. మోకరిల్లడానికి ఒప్పుకోని, యుద్ధరంగానికీ రాని శత్రువు దగ్గర ఏగాన్ షరతు ఎందుకూ కొరగాలేదు. 4వ ఏట యుద్ధం మొదలైంది. సైన్యాలు ఖాళీ కోటలు పట్టుకుని, ఇసుకలో దాహంతో నశించాయి. హైగార్డెన్ తాళాలిచ్చి పైకొచ్చిన హార్లన్ టైరెల్ సైన్యంతో సహా ఎడారిలో ఆనవాలు లేకుండా పోయాడు. ఓరిస్ బరాథియన్ శత్రువుల చేత చిక్కి చేయి పోగొట్టుకున్నాడు. 10వ ఏట హెల్‌హోల్ట్ దగ్గర పెద్ద యంత్రం విసిరిన ఇనుప బాణం మెరాక్సిస్ కంట్లో దిగింది. డ్రాగనూ, దాని మీది రేనిస్ రాణీ కూలిపోయారు.

ఆ తర్వాతి రెండేళ్ళూ ఏగాన్, విసేన్యా డోర్న్ కోటలను మళ్ళీ మళ్ళీ తగలబెట్టారు, ప్రభువుల తలలకు వెలలు కట్టారు. ఇది అసురవిజయం కూడా కాదు, ఎందుకంటే ఇందులో విజయం లేదు. 13వ ఏట మెరియా చనిపోయాక ఆమె కొడుకు నైమోర్ తన కూతురు డెరియా చేత మెరాక్సిస్ పుర్రెతో పాటు ఒక లేఖ పంపాడు. ఓడినవాళ్ళ కత్తులు కరిగించి చేయించిన ఇనుప సింహాసనం మీద కూర్చుని ఏగాన్ దాన్ని చదివాడు. లేచేసరికి అతని చేతి నుంచి నెత్తురు కారుతోంది. లేఖ కాల్చేసి, ఆ రాత్రే డ్రాగన్‌స్టోన్‌కు ఎగిరి వెళ్ళి, తెల్లారి తిరిగొచ్చి సంధికి ఒప్పుకున్నాడు. ఆ లేఖలో ఏముందో మార్టిన్ చెప్పలేదు, చెప్పకపోవడమే మేలు. చివరికి డోర్న్ ఎలా కలిసిందంటే, డ్రాగన్లన్నీ చచ్చిన ముప్ఫై నాలుగేళ్ళకు, 187వ ఏట, రెండవ డేరన్ తన చెల్లెల్ని మార్టెల్ ఇంటికిచ్చి పెళ్ళి చేశాక, రాజకుమారుడనే బిరుదు, సొంత చట్టాలు అలాగే ఉంచుకోవచ్చని మాటిచ్చాక. మూడు డ్రాగన్లు చేయలేని పనిని ఏగాన్ పాత షరతు, కాస్త మర్యాద జోడించేసరికి, చేసేసింది.

పాలకుడిగా ఏగాన్ కాలికి బలపం కట్టుకుని తిరిగినవాడు. వెళ్ళిన ప్రతిచోటుకూ ఆరుగురు మేస్టర్లను వెంట తీసుకెళ్ళేవాడు. ఆ పండితుల పని అక్కడి చట్టం, ఆచారం రాజుకు చెప్పడం. ఖండమంతటికీ ఒకే శిక్షాస్మృతి రాయించే ప్రయత్నం అతడు చేయలేదు. రాజు అనుమతి లేకుండా ప్రభువులు ఒకరి మీదికొకరు యుద్ధానికి పోకూడదన్నదొక్కటే అందరికీ వర్తించిన పెద్ద నియమం. ఉన్న ఆచారాన్ని కాదనకుండానే దాని పళ్ళు ఊడగొట్టడం ఎలాగో రేనిస్ ఒక తీర్పులో చూపింది. భార్యను కొట్టి చంపిన ఒక మొగుడు తనకు కొట్టే హక్కుందన్నాడు. ఏడుగురు దేవుళ్ళలో మృత్యుదేవతను మినహాయించి, దేవుడికొకటి చొప్పున ఆరు దెబ్బల దాకా సరే అంది రాణి. చనిపోయినావిడ సోదరులు నూరు దెబ్బలు పడ్డాయంటున్నారు కాబట్టి, మిగిలిన తొంభై నాలుగూ వాడికి తిరిగి వేయమని వాళ్ళకే అప్పగించింది. చదువుతున్నప్పుడు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కాసేపాగితే, ఆ ఆరు దెబ్బలు అలాగే చట్టంగా మిగిలిపోయాయన్న సంగతి గుచ్చుకుంటుంది.

ఒప్పందం చేసుకున్నది ప్రభువులతో. నాగలి పట్టినవాడికి అందులో చోటు లేదు. మండిన పొలాలు అతనివే, ఆ పొలాల్లో ఎవరి పేరుతో చస్తున్నాడో కూడా అతనికి తెలియదు. ఏగాన్‌ను మంచివాడని నేను అనబోవడం లేదు. అతడు గట్టి బేరగాడు అంటున్నాను.

బేరంలో రెండు లొసుగులున్నాయి. అదంతా రాజు అనే ఒక్క మనిషి వివేకం మీద ఆధారపడింది. వారసత్వపు ముడిని ఏగాన్ విప్పకుండానే పోయాడు. 37వ ఏట అతడు మనుమలకు ఆ చిత్రించిన బల్ల దగ్గర తన దండయాత్రల కథలు చెబుతూ పక్షవాతంతో కూలిపోయాక, రేనిస్ కొడుకు ఐనిస్ రాజయ్యాడు. అందరినీ మెప్పించాలన్న తాపత్రయం తప్ప అతనిలో నిలకడ లేదు. తన బిడ్డలిద్దరికీ ఒకరితో ఒకరికి పెళ్ళి చేసేసరికి మతసైన్యాలు ఒంటికాలి మీద లేచాయి. అతని తర్వాత విసేన్యా కొడుకు మేగోర్, న్యాయంగా రావలసిన అన్న కొడుకును తోసేసి, కత్తినీ బలేరియన్‌నూ నమ్ముకుని ఆరేళ్ళు ఏలి, 48వ ఏట సింహాసనం మీదే శవమై కనిపించాడు. ఖండంలోకెల్లా పెద్ద డ్రాగన్ అతని చేతిలోనే ఉంది. ప్రభువులు ఒక్కొక్కరే జారుకున్నారు. వంశాన్ని మళ్ళీ గట్టున పడేసిన జహేరిస్ చేసిందల్లా తాతగారి బేరాన్ని తిరగరాయడమే: మతసైన్యాలు, మత న్యాయస్థానాలు రద్దు, బదులుగా మతానికి సింహాసనమే రక్ష. టార్గేరియన్ల పెళ్ళిళ్ళకు మినహాయింపు.

2022లో మొదలైన ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ టీవీ ధారావాహిక ఏగాన్‌కు ఒక కలను అంటగట్టింది. ఉత్తరం నుంచి చీకటి ముంచుకొస్తుందని అతనికి ముందే తెలుసట, లోకాన్ని కాపాడటానికే ఖండాన్ని ఏకం చేశాడట. ఇది రచయిత సమ్మతితోనే వచ్చిందంటారు. నాకు మాత్రం ఇది పెద్దమనిషికి తొడిగిన ఇరుకు చొక్కాలా ఉంది. విధి ఆడించినవాడికి టోర్హెన్‌తో రాత్రంతా రాయబారాలు నడిపే ఓపిక ఎందుకు? లోకరక్షణే లక్ష్యమైతే ఏడో రాజ్యాన్ని ఒక్క లేఖతో ఎలా వదిలేశాడు? కల లేని ఏగాన్ ఆకలి గల మనిషి, లెక్క తెలిసిన మనిషి. ఆ మనిషే ఎక్కువ భయపెడతాడు, ఎక్కువ నమ్మశక్యంగా కూడా ఉంటాడు.

చివరికి ఆ వంశం కూలిన తీరు చూడండి. రెండవ ఏరిస్ తన దగ్గరికి విచారణకు పిలిపించిన రికార్డ్ స్టార్క్‌ను కవచంతో సహా నిప్పు మీద వేలాడదీశాడు, కొడుకు బ్రాండన్ ఆ దృశ్యం చూస్తూ ఉరి బిగుసుకుని చనిపోయాడు. అంతటితో ఆగక, రాబర్ట్ బరాథియన్, ఎడార్డ్ స్టార్క్‌ల తలలు పంపమని వాళ్ళను పెంచిన జాన్ ఆరిన్‌కు కబురు పెట్టాడు. మోకరిల్లినవాడి ఇల్లు భద్రం అన్న ఒకే ఒక్క షరతును సింహాసనమే కాలరాసింది. ఆరిన్ జెండా ఎత్తాడు. స్టార్క్, బరాథియన్, తర్వాత టల్లీ కలిశారు. కొండ కోటలో విసేన్యాకు లొంగిన ఇల్లు, ట్రైడెంట్ ఒడ్డున కిరీటం దించిన ఇల్లు, ఏగాన్ నేస్తం పెట్టిన ఇల్లు, హారెన్ బూడిద మీద ఏగాన్ నిలబెట్టిన ఇల్లు. వంశాన్ని కూల్చిన నాలుగు స్తంభాలూ వంశకర్త పాతినవే.

గెలిచాక వాళ్ళలో ఏ ఒక్కరూ పాత రాజ్యం అడగలేదు. అదే ఇనుప సింహాసనం మీద రాబర్ట్‌ను కూర్చోబెట్టారు, అతని నాయనమ్మ టార్గేరియన్ ఆడపడుచు కావడాన్ని హక్కుగా చూపించారు. ఉత్తరదేశం తిరిగి సొంత రాజును ప్రకటించుకున్నది రాబర్ట్ పోయాక, అతని తర్వాత గద్దెనెక్కిన జాఫ్రీ ఎడార్డ్ స్టార్క్ తల నరికించాకే. మనం మోకరిల్లింది డ్రాగన్లకు, ఆ డ్రాగన్లన్నీ చచ్చాయి కదా అని ఆ సభలో ఒక ఉత్తరాది ప్రభువు గర్జిస్తాడు, కత్తులు దూసి అందరూ ఔనంటారు. డ్రాగన్లు చచ్చి అప్పటికి 140 ఏళ్ళు దాటింది. ఆ ప్రభువుకు, అతని తండ్రికి, తాతకు, ముత్తాతకు ఇన్నేళ్ళలో ఎన్నడూ తట్టని ఆ మాట, ఒక స్టార్క్ తల మెట్ల మీద దొర్లిన తర్వాతే తట్టింది.